లా ఫస్టియర్ తర్వాత కాలేజీ మారడం: ఏది కుదురుతుంది, ఏది కుదరదు, లెక్క ఎలా తేలుతుంది

లా మొదటి సంవత్సరం పరీక్షలు ముగిసే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో ఒక చర్చ మొదలవుతుంది. "ఇక్కడ చదివి ఏం లాభం, వైజాగ్‌కో హైదరాబాద్‌కో మార్పించేద్దాం" అంటారు నాన్న. అమ్మాయి అప్పటికే యూట్యూబ్‌లో బోలెడు వీడియోలు చూసి ఉంటుంది. తెలిసినాయన ఒకరు ఫోన్ చేసి "సెకండియర్‌లో సీటు నేను చూస్తానులెండి" అంటాడు. తీరా చూస్తే ముగ్గురి మనసులో ఉన్నవి మూడు వేర్వేరు సంగతులు. నాన్న అనుకుంటున్నది పెద్ద ఊళ్లో మంచి కాలేజీ. అమ్మాయి కోరుకుంటున్నది నేషనల్ లా యూనివర్సిటీ. ఫోన్ చేసినాయన చెబుతున్నది ఎక్కడో నిండకుండా మిగిలిన మేనేజ్‌మెంట్ సీటు. వీటికి రూల్స్ వేరు, ఖర్చు వేరు, పోయే కాలం వేరు. వాటిని విడదీసి చూస్తే చర్చ సగం తేలికవుతుంది.

కోర్సుతో పాటు మారడం వేరు, వదిలేసి మళ్లీ మొదలుపెట్టడం వేరు

ఫస్టియర్ ఇక్కడ చదివి, ఆ మార్కులు పట్టుకుని సెకండియర్‌లో ఇంకో కాలేజీలో కూర్చోవడం ఒక పద్ధతి. అసలైన ట్రాన్స్‌ఫర్ ఇదే. రెండు కాలేజీలూ ఒకే యూనివర్సిటీకి అనుబంధంగా ఉంటే వ్యవహారం కొంత సులువు. సిలబస్ ఒకటే, పరీక్షలు పెట్టేదీ, మెమోలు ఇచ్చేదీ ఒకరే. రెండు కాలేజీల నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం), యూనివర్సిటీ అనుమతి, చేరబోయే చోట ఖాళీ ఉంటే దారి తెరుచుకుంటుంది.

యూనివర్సిటీ కూడా మారితే పని పెరుగుతుంది. శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం నూటపది కిలోమీటర్లే. కాంప్లెక్స్‌లో బస్సెక్కితే మధ్యాహ్నం భోజనం వేళకి అక్కడుంటాం. కానీ శ్రీకాకుళం జిల్లా కాలేజీలు ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ యూనివర్సిటీ పరిధిలోవి, విశాఖవి ఆంధ్ర యూనివర్సిటీ పరిధిలోవి. 2008లో విడి యూనివర్సిటీ అయ్యేదాకా ఎచ్చెర్లలో ఉన్నది ఆంధ్ర యూనివర్సిటీ పీజీ సెంటరే. ఆ పాత బంధుత్వం చూసుకుని "అంతా ఒకటేగా" అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కాగితాల మీద మాత్రం ఇది ఒక యూనివర్సిటీ వదిలి మరో యూనివర్సిటీకి వెళ్లడం. టీసీ కాలేజీ ఇస్తుంది. మైగ్రేషన్ సర్టిఫికెట్ వదిలి వెళ్తున్న యూనివర్సిటీ ఇస్తుంది. చదివిన సబ్జెక్టులు తమ సబ్జెక్టులతో సరిపోతాయో లేదో చేరబోయే యూనివర్సిటీ తేలుస్తుంది.

చదివిన ఏడాదిని వదులుకుని ఎంట్రన్స్ రాసి, ఇంకోచోట మళ్లీ ఫస్టియర్‌లో చేరడం మరో పద్ధతి. సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య నేషనల్ లా యూనివర్సిటీ కావచ్చు, హైదరాబాద్‌లోని నల్సార్ కావచ్చు, అక్కడికి వెళ్లినవాళ్లు క్లాట్ (నేషనల్ లా యూనివర్సిటీల ఉమ్మడి ఎంట్రన్స్) రాసి ఫస్టియర్‌లో చేరినవాళ్లే. "ఫలానా వాళ్ల అబ్బాయి ఇక్కడ ఏడాది చదివి నల్సార్‌కి మారాడట" అన్న కబురు వినబడితే, దాదాపుగా అది మారడం కాదు, మళ్లీ మొదలుపెట్టడం. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ వాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఢిల్లీ యూనివర్సిటీ, బెనారస్ హిందూ యూనివర్సిటీ సీయూఈటీ పీజీ అనే జాతీయ ఎంట్రన్స్ ద్వారా తీసుకుంటాయి. బెంగళూరు నేషనల్ లా స్కూల్ మూడేళ్ల కోర్సుకి సొంత పరీక్ష పెడుతుంది. అన్నిచోట్లా మొదటి మెట్టు నుంచే ఎక్కాలి.

బార్ కౌన్సిల్ రూల్ ఎంతవరకు అడ్డు

లా చదువుకి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో చేసిన లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్ ఆధారం. అందులో 13వ రూల్ లేటరల్ ఎంట్రీని నిషేధిస్తుంది. డిగ్రీ ఉందన్న కారణంతో అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులో మధ్యలో దూరడం కుదరదు. మూడేళ్లు చదివి, బీఏ వరకు పట్టా తీసుకుని బయటకు రావడమూ కుదరదు. కాబట్టి "అయిదేళ్ల కోర్సు ఫస్టియర్ అయింది, మూడేళ్ల కోర్సు సెకండియర్‌లో చేరిపోతా" అనుకుంటే అసలు లెక్కకే రాదు. మూడేళ్ల కోర్సుకి డిగ్రీ ఉండాలి, అయిదేళ్ల కోర్సు మధ్యలో డిగ్రీ పుట్టదు.

ఈ రూల్ చూపించి ట్రాన్స్‌ఫర్ పూర్తిగా నిషేధం అనేవాళ్లున్నారు. వాళ్ల వాదనలో కొంత బలం ఉంది: లా కోర్సు ఒక వరుసలో, నిర్ణీత కాలం చదవాల్సింది, సెకండియర్‌లో కొత్త మనిషిని తెచ్చి కూర్చోబెడితే ఆ వరుస తెగుతుంది. ఎదుటి వాదన ఏమిటంటే, రూల్ ఆపుతున్నది డిగ్రీ సాకుతో మధ్యలో చేరేవాళ్లని, డిగ్రీని ముక్కలు చేసుకునేవాళ్లని. అదే కోర్సు, అదే ఏడాది, కాలేజీ ఒక్కటే మారుతున్న విద్యార్థి ఈ రెండింట్లో దేనిలోకీ రాడు. రూల్‌లోని మాటలు చదివితే నాకు రెండో వాదనే దగ్గరగా అనిపిస్తుంది. అయితే వాదనలో గెలిచినంత మాత్రాన సీటు రాదు. యూనివర్సిటీకి సొంత నిబంధనలు ఉంటాయి, అవి ఒప్పుకుంటేనే ఫైలు కదులుతుంది.

ఖాళీ సంగతి చూద్దాం. బార్ కౌన్సిల్ ఒక సెక్షన్‌కి అరవై మందిని మించి ఒప్పుకోదు. ఫస్టియర్‌లో అరవై మంది చేరి, ఇద్దరు మానేసి, నలుగురు వేరే దారి చూసుకున్నారనుకోండి, సెకండియర్‌లో ఆరు ఖాళీలు. పేరున్న కాలేజీలో ఆ ఆరూ ఉండవు, జనం వదలరు గనక. ఖాళీలు ఎక్కువగా ఉండేది ఎవరూ ఏరికోరి వెళ్లని చోట. కొత్త సెక్షన్లతో సీట్లు పెరుగుతాయన్న ఆశా ఇప్పట్లో తక్కువే. 2025 ఆగస్టులో బార్ కౌన్సిల్ కొత్త లా కాలేజీలకు మూడేళ్ల పాటు బ్రేకు వేసింది, ఉన్న కాలేజీలు సెక్షన్ పెంచుకోవాలన్నా ముందస్తు అనుమతి కావాలంది.

ఇక హాజరు. 12వ రూల్ ప్రకారం ప్రతి సబ్జెక్టులో 70 శాతం క్లాసులకు వెళ్తేనే పరీక్ష. తప్పనిసరి కారణాలుంటే 65 శాతానికి సడలించవచ్చు, కానీ అప్పుడు అన్ని సబ్జెక్టులూ కలిపి 70 శాతం ఉండాలి. దీన్ని ట్రాన్స్‌ఫర్‌కి అన్వయిస్తే ఒక చిక్కు బయటపడుతుంది. సెమిస్టర్‌లో ఒక్కో సబ్జెక్టుకి 60 క్లాసులు అనుకుందాం. ఫైలు ప్రిన్సిపాల్ దగ్గర కొన్నాళ్లు, రిజిస్ట్రార్ ఆఫీసులో కొన్నాళ్లు తిరిగి, అనుమతి వచ్చేసరికి 20 క్లాసులు అయిపోయాయి. మిగిలిన నలభైకీ ఒక్కరోజు మానకుండా వెళ్లినా 66.7 శాతం. 65 దాటింది, సడలింపు అడగొచ్చు కదా అనిపిస్తుంది. కానీ అన్ని సబ్జెక్టుల్లోనూ అవే రోజులు పోయాయి కాబట్టి మొత్తం కలిపినా 66.7 శాతమే. సడలింపు అందదు. పాత కాలేజీలో ఆ రోజుల్లో వెళ్లిన హాజరు కలుపుతారా లేదా అన్నదాని మీద సెమిస్టర్ మొత్తం ఆధారపడి ఉంటుంది. అనుమతి కాగితం చేతికి రాకముందే "రేపటి నుంచి వచ్చి కూర్చో" అనే కాలేజీల్లో హాల్ టికెట్ రోజున గొడవలు పుట్టేది ఇలాగే.

రెండు మెమోలు పక్కపక్కన పెట్టి చూస్తే

బార్ కౌన్సిల్ 20 తప్పనిసరి సబ్జెక్టులు, 4 క్లినికల్ (ప్రాక్టికల్) పేపర్లు, కనీసం 6 ఆప్షనల్స్ ఉండాలంటుంది. ఏది ఏ సెమిస్టర్‌లో అన్నది యూనివర్సిటీ ఇష్టం. ట్రాన్స్‌ఫర్‌లో అసలు తలనొప్పి ఇక్కడుంది.

మూడేళ్ల కోర్సు విద్యార్థి ఒకతన్ని ఊహించుకుందాం, సొంతూరు చీపురుపల్లి. ఫస్టియర్‌లో రెండు సెమిస్టర్లకి పది పేపర్లు రాశాడు: కాంట్రాక్ట్ లా రెండు భాగాలు, ఫ్యామిలీ లా రెండు భాగాలు, టార్ట్స్ (పౌర తప్పిదాల చట్టం), రాజ్యాంగం, జ్యూరిస్‌ప్రుడెన్స్ (న్యాయ సిద్ధాంతాలు) వగైరా. చేరాలనుకున్న చోట ఫస్టియర్‌లోనే భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చినది), ప్రాపర్టీ లా, పర్యావరణ చట్టాలు అయిపోయాయి. అక్కడ జ్యూరిస్‌ప్రుడెన్స్, ఫ్యామిలీ లా రెండో భాగం సెకండియర్‌లో వస్తాయి. ఇప్పుడు ఇతనికి మూడు పేపర్లు బాకీ. వాటిని అదనంగా రాయాలి. ఏడాదికి పది రాయాల్సినచోట పదమూడు. మరోవైపు ఇక్కడ పాసైన రెండు పేపర్ల క్లాసుల్లో మళ్లీ కూర్చోవాలి, లేదా మినహాయింపు కోసం ఇంకో అర్జీ పెట్టుకోవాలి. ఫస్టియర్‌లో ఒకటి రెండు బ్యాక్‌లాగ్స్ కూడా ఉన్నాయా, ఇక కథ ముందుకు సాగదు: ఒక యూనివర్సిటీలో తప్పిన పేపర్‌ని ఇంకో యూనివర్సిటీలో రాయడం ఎలాగో ఎవరూ తేలిగ్గా చెప్పరు.

పైగా 2024 జులై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టాల స్థానంలో కొత్తవి వచ్చాయి. సిలబస్ మార్పిడి అన్ని యూనివర్సిటీల్లో ఒకే సెమిస్టర్‌లో జరగలేదు. మెమో మీద పేపర్ పేరు ఒకటే కనిపించినా లోపల చదివింది ఒకటేనా అన్న ప్రశ్న దానివల్ల ఇంకా బలపడింది.

డిసెంబరులో పడే చిక్కు

నేషనల్ లా యూనివర్సిటీకి వెళ్లాలనుకునేవాళ్లు "ముందు ఫస్టియర్ కానీ, ఎలా ఉందో చూసి ఆలోచిద్దాం" అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. క్యాలెండర్ మాత్రం ఒప్పుకోదు.

మన రాష్ట్ర లా ఎంట్రన్స్ అయిన లాసెట్ కౌన్సెలింగ్ అయ్యి, క్లాసులు ఊపందుకునేసరికి దసరా దాటిపోవడం మామూలే. క్లాట్ గత కొన్నేళ్లుగా డిసెంబరులో జరుగుతోంది. 2026 ప్రవేశాలకు పరీక్ష 2025 డిసెంబరు 7న జరిగింది. దరఖాస్తు గడువు దానికి దాదాపు నెల ముందే ముగుస్తుంది. అంటే 2025లో ఇక్కడ ఫస్టియర్‌లో చేరిన అమ్మాయి ఒకే ఏడాది నష్టంతో బయటపడాలంటే, కొత్త పుస్తకాలకి అట్టలు వేసుకునే రోజుల్లోనే క్లాట్‌కి అప్లై చేసి ఉండాలి. మొదటి సెమిస్టర్ పరీక్ష రాయకముందే, కాలేజీ ఎలా ఉందో తెలియకముందే.

సంవత్సరాలు వేసి చూద్దాం. ఇంటర్ తర్వాత 2025లో అయిదేళ్ల కోర్సులో చేరి ఇక్కడే ఉంటే 2030లో బయటకొస్తుంది. 2025 డిసెంబరులో క్లాట్ రాసి 2026లో మళ్లీ చేరితే 2031. ఫస్టియర్ ఫలితాలు వచ్చాక ఆలోచించి, 2026 డిసెంబరులో రాసి, 2027లో చేరితే 2032. ఈ మూడో దారిలో పోయేది ఒక ఏడాది కాదు, రెండు. మధ్యలో సెకండియర్ చదువుతూనే క్లాట్‌కి ప్రిపేర్ అవుతారు కాబట్టి పైకి కాలం వృథా అయినట్టు కనిపించదు. కానీ ఆ సెకండియర్ కూడా చివరికి లెక్కలోంచి పోతుంది.

పరీక్ష స్వభావం కూడా వేరు. రెండు గంటల్లో 120 ప్రశ్నలు, తప్పుకి పావు మార్కు కోత, పేపరంతా ఇంగ్లీషు, చాలా భాగం పెద్ద పేరాలు చదివి జవాబివ్వడం. ఇక్కడి ఫస్టియర్‌లో చదివిన కాంట్రాక్ట్ లా ఇందులో పెద్దగా ఉపయోగపడదు. క్లాట్‌కి లా ముందే తెలిసి ఉండాల్సిన పని లేదు, వేగంగా చదివి అర్థం చేసుకునే అలవాటు కావాలి. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లకి ఏడాదిలో వచ్చిన లాభం ఏమైనా ఉంటే అది కేసులు చదివి చదివి మెరుగైన ఇంగ్లీషే.

ఫీజులు, ఒరిజినల్స్, రీయింబర్స్‌మెంట్

"మానేస్తానంటే మిగతా సంవత్సరాల ఫీజు కూడా కట్టాలంటున్నారు, సర్టిఫికెట్లు ఇవ్వట్లేదు" అన్న ఫిర్యాదు మన జిల్లాల్లో కొత్త కాదు. యూజీసీ 2018లో దీనిపై స్పష్టంగా చెప్పింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు పరిశీలించి వెనక్కి ఇచ్చేయాలి, దగ్గర ఉంచుకోకూడదు. ఫీజు ఆ సెమిస్టర్‌కో ఆ ఏడాదికో మాత్రమే ముందుగా తీసుకోవాలి.

వాపసు లెక్క అడ్మిషన్ల చివరి తేదీ చుట్టూ తిరుగుతుంది. ఫీజు 40 వేలు, చివరి తేదీ అక్టోబరు 31 అనుకుందాం. అక్టోబరు 10న మానేస్తే మొత్తం వెనక్కి రావాలి. ప్రాసెసింగ్ కింద అయిదు శాతం, అదీ 5 వేలు మించకుండా కోయొచ్చు, అంటే చేతికి 38 వేలు. అక్టోబరు 20న అయితే 90 శాతం, 36 వేలు. నవంబరు 10న 80 శాతం, 32 వేలు. నవంబరు 25న సగం, 20 వేలు. నవంబరు 30 దాటితే ఏమీ రాదు. డిసెంబరు క్లాట్ ఫలితం చూసి మానేసేవాళ్లకి ఆ ఏడాది ఫీజు పోయినట్టే అని దీన్నిబట్టి తెలుస్తుంది.

ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివేవాళ్ల లెక్క ఇంకోలా ఉంటుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఉండాలి, హాజరు 75 శాతం ఉండాలి, సీటు లాసెట్ ర్యాంకుతో ఇచ్చే కన్వీనర్ కోటాలో వచ్చి ఉండాలి. ప్రైవేటు లా కాలేజీల్లో 80 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 20 శాతం మేనేజ్‌మెంట్. ఇక్కడ కన్వీనర్ సీటులో ఫీజు బాధ లేకుండా చదువుతున్న పిల్ల, పెద్ద ఊళ్లో మేనేజ్‌మెంట్ ఖాళీలోకి మారితే ఆ ఆసరా తెగిపోతుంది. దానికి హాస్టలు, మెస్సు కలుస్తాయి. బ్రోకర్ చెప్పే "సీటుకింత" అన్న అంకెలో ఇవేవీ ఉండవు. నేషనల్ లా యూనివర్సిటీల్లో ఫీజు, హాస్టలు కలిపి ఏడాదికి లక్షల్లోనే. చాలామంది విద్యా రుణంతోనే చదువుతారు.

యూట్యూబ్ సలహాలు అమెరికావి

"ఫస్టియర్ తర్వాత ట్రాన్స్‌ఫర్ కావడం మామూలే" అన్న నమ్మకం ఎక్కడినుంచి వస్తుందో గమనిస్తే చాలాసార్లు అమెరికా వీడియోల దగ్గర తేలుతుంది. అక్కడ అది నిజంగానే మామూలు. డిగ్రీ అయ్యాక జేడీ అనే మూడేళ్ల లా కోర్సు చదువుతారు. మొదటి ఏడాది ఏ స్కూల్‌లోనైనా దాదాపు అవే సబ్జెక్టులు: కాంట్రాక్ట్స్, టార్ట్స్, ప్రాపర్టీ, సివిల్ ప్రొసీజర్, క్రిమినల్ లా, రాజ్యాంగం. అందుకే సెకండియర్‌లో స్కూల్ మారినా బాకీ పేపర్ల బాధ ఉండదు. పెద్ద లా ఫర్ములు ఫస్టియర్ గ్రేడ్లు చూసే సెకండియర్ వేసవికి పిలుస్తాయి కాబట్టి, పేరున్న స్కూల్ ముద్ర త్వరగా పడటంలో లాభం ఉంది. స్కూల్‌కీ అందులో లాభమే. బయటకు ప్రకటించే ఎంట్రన్స్ స్కోర్లలో ట్రాన్స్‌ఫర్ విద్యార్థుల స్కోర్లు కలవవు, ఫీజు మాత్రం కలుస్తుంది. ఎంతమంది వచ్చారు, ఎంతమంది వెళ్లారు అన్న వివరం అమెరికన్ బార్ అసోసియేషన్ నిబంధన కింద ఏటా ప్రకటించాలి. అందువల్ల నిర్ణయం తీసుకునేవాళ్ల ముందు అంకెలుంటాయి.

అక్కడా నష్టాలు లేకపోలేదు. పాత స్కూల్ స్కాలర్‌షిప్ పోతుంది. క్రెడిట్లు వెంట వస్తాయి గానీ గ్రేడ్లు, ర్యాంకు మామూలుగా రావు. టాప్‌లో ఉన్న విద్యార్థి కొత్తచోట ర్యాంకు లేని మనిషిగా మొదలుపెడతాడు. మనకి వచ్చేసరికి ఆ లాభాలు ఒక్కటీ లేవు: ఉమ్మడి ఫస్టియర్ లేదు, పైమెట్టు కాలేజీలు మధ్యలో తలుపు తెరవవు. నష్టాలు మాత్రం అన్నీ ఉన్నాయి.

వెళ్లాలనే వాదన, ఉండాలనే వాదన

వెళ్లాలనేవాళ్లు చెప్పేది కొట్టిపారేసేది కాదు. క్లాసులు సరిగా జరగని లా కాలేజీలున్నాయన్నది దాచుకోవాల్సిన రహస్యమేం కాదు. మూట్ కోర్టు (విద్యార్థులు వాదన సాధన చేసే నమూనా కోర్టు) పేరుకి ఏడాదికొకసారి. లైబ్రరీలో పాత కామెంటరీలే గానీ ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర వంటి తీర్పుల డేటాబేస్‌లు అందుబాటులో ఉండవు. పక్కన కూర్చున్నవాళ్లలో సగం మంది ఉద్యోగాలు చేసుకుంటూ పట్టా కోసం వచ్చినవాళ్లయితే, చదవాలన్న పిల్లకి పోటీ ఎవరు? నేషనల్ లా యూనివర్సిటీల్లో పెద్ద లా ఫర్ములు క్యాంపస్‌కే వస్తాయి. ముంబయి, ఢిల్లీ ఫర్ముల్లో కార్పొరేట్ పని చేయాలన్నది నిజమైన కోరికైతే, అక్కడికి వెళ్లే దారి ఆ క్యాంపస్‌ల గుండా చాలా దగ్గర. ఈ కోరిక ఉన్నవాళ్లకి ఒక ఏడాది పోగొట్టుకోవడం నా దృష్టిలో పెద్ద నష్టం కాదు.

ఉండాలనేవాళ్ల వాదనకి కోర్టు ఆధారం. విజయనగరంలోనో, సోంపేటలోనో, బొబ్బిలిలోనో ప్రాక్టీసు పెట్టాలనుకునే మనిషికి కావాల్సింది ముందు అక్కడి బార్‌తో పరిచయం. సెకండియర్ విద్యార్థి ఒక సీనియర్ ఆఫీసుకి సాయంత్రాలు వెళ్తే ఏం నేర్చుకుంటాడో చూడండి. రేపటి కాజ్ లిస్ట్ (విచారణకు వచ్చే కేసుల జాబితా) ఫోన్లో చూసి ఏ కట్టలు బయటకు తీయాలో గుమాస్తాతో కలిసి సర్దుతాడు. కట్ట విప్పితే దావా, జవాబుదావా, ఐఏలు (మధ్యంతర దరఖాస్తులు), సాక్షుల వాంగ్మూలాలు వరుసగా కనబడతాయి. ప్లాను చూసి సరిహద్దు తగాదా ఎక్కడుందో పోల్చుకుంటాడు. పొద్దున్న పదిన్నరకి కోర్టులో కాల్‌వర్క్ (కేసులు ఒక్కొక్కటిగా పిలవడం) అవుతుంటే ఏ కేసుకి వాయిదా ఎందుకు అడిగారో, జడ్జిగారు ఎందుకు ఒప్పుకోలేదో అర్థమవుతుంది. సాక్షి తెలుగులో చెప్పింది రికార్డులోకి ఎలా ఎక్కుతుందో చూస్తాడు. ఇది ఏ క్యాంపస్‌లోనూ దొరకదు, ఊరు మారితే మళ్లీ మొదటి నుంచి సంపాదించుకోవాలి. బార్ కౌన్సిల్ ఎలాగూ మూడేళ్ల కోర్సులో 12 వారాలు, అయిదేళ్ల కోర్సులో 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలంటుంది. ఒక్క విడతలో నాలుగు వారాలకి మించకూడదు. ఆ వారాల్లో కొన్ని అమరావతి హైకోర్టులోనో, విశాఖ ఫర్ముల్లోనో చేస్తే కాలేజీ మారకుండానే బయటి గాలి తగులుతుంది.

ఈ రెండిటి మధ్య ఉన్నది, అంటే ఇక్కడి అనుబంధ కాలేజీ నుంచి వైజాగ్‌లోనో హైదరాబాద్‌లోనో ఇంకో అనుబంధ కాలేజీకి మారడం, అన్నిటికంటే బలహీనమైన బేరం అనిపిస్తుంది. మారడంలోని కష్టమంతా పడి, చివరికి దాదాపు అదే రకం పట్టా. కాకపోతే దీనికి వేరే న్యాయమైన కారణాలుంటాయి. పెళ్లై ఊరు మారడం, నాన్నకి బదిలీ, ఆరోగ్యం, రోజూ పలాస నుంచి రైలు ప్రయాణం తట్టుకోలేకపోవడం. అలాంటివాళ్ల విషయంలో కాలేజీ పేరు కాదు, బతుకు సౌకర్యం ముఖ్యం. ట్రాన్స్‌ఫర్ అన్న ఏర్పాటు ఉన్నదే వాళ్లకోసం అనొచ్చు.

జడ్జి పరీక్ష రాయాలనుకునేవాళ్లకి ఇంకో లెక్క

మన జిల్లాల్లో లా చదివే పిల్లల్లో చాలామంది లక్ష్యం జూనియర్ సివిల్ జడ్జి. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఈ పోస్టుకి కనీసం మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరైంది. ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ (అడ్వకేట్‌గా తాత్కాలిక నమోదు) తేదీ నుంచి లెక్కిస్తారు. పైన చూసిన మూడు దారులకీ ఈ మూడేళ్లు కలపండి. ఇక్కడే ఉన్న అమ్మాయి 2033లో అర్హురాలవుతుంది. ఒక ఏడాది వదులుకున్న అమ్మాయి 2034లో, రెండేళ్లు వదులుకున్న అమ్మాయి 2035లో. ఎంపికలో చూసేది పరీక్ష మార్కులు, ఇంటర్వ్యూ. పట్టా మీద ఏ యూనివర్సిటీ పేరుందన్నదానికి మార్కులు లేవు. చదువు బాగా వస్తే జవాబులు బాగా రాస్తారు, అది నిజమే. కానీ ప్రాక్టీసు తప్పనిసరయ్యాక, ఆ మూడేళ్లు ఏ కోర్టులో, ఎవరి దగ్గర గడిచాయన్నది కూడా అంతే బరువుగా తూగుతుంది.

2031 దగ్గర రెండు దారులు కలిసే చోటు

ఇంట్లో చర్చల్లో చాలా తక్కువగా వినిపించే ఒక పోలిక ఉంది. అయిదేళ్ల కోర్సు ఇక్కడే పూర్తి చేసిన అమ్మాయి 2029 డిసెంబరులో, చివరి సంవత్సరంలో ఉండగానే ఎల్‌ఎల్‌ఎం ఎంట్రన్స్ అయిన క్లాట్ పీజీ రాయొచ్చు. నేషనల్ లా యూనివర్సిటీల్లో ఎల్‌ఎల్‌ఎం ఏడాదే. 2030లో చేరితే 2031లో పూర్తవుతుంది. ఫస్టియర్ వదిలేసి 2026లో మళ్లీ మొదలుపెట్టిన అమ్మాయీ 2031లోనే బయటకొస్తుంది. ఒకరి చేతిలో స్థానిక పట్టా మీద ఒక నేషనల్ లా యూనివర్సిటీ ఎల్‌ఎల్‌ఎం, ఇంకొకరి చేతిలో నేషనల్ లా యూనివర్సిటీ బీఏ ఎల్‌ఎల్‌బీ. కాలం సమానం. ఖర్చు మొదటి దారిలో ఒక ఏడాదిది, రెండో దారిలో అయిదేళ్లది.

ఫలితాలు మాత్రం సమానం కావు. కార్పొరేట్ ఫర్ముల క్యాంపస్ నియామకాలు ఎక్కువగా అయిదేళ్ల కోర్సు విద్యార్థులకే జరుగుతాయి. ఎల్‌ఎల్‌ఎం వాళ్లకి ఆ తలుపు చాలా సన్నం. టీచింగ్ వైపు వెళ్లాలంటే ఎల్‌ఎల్‌ఎం తప్పనిసరి, అక్కడ మొదటి అమ్మాయిదే ముందంజ. ఓఎన్‌జీసీ, ఎన్‌టీపీసీ, పవర్ గ్రిడ్ వంటి ప్రభుత్వ రంగ సంస్థలు లా ఆఫీసర్ పోస్టులకి క్లాట్ పీజీ స్కోరు అడుగుతూ వచ్చాయి. ఆ పరీక్షకి ఎల్‌ఎల్‌బీలో జనరల్ వాళ్లకి 50 శాతం, ఎస్సీ, ఎస్టీలకి 45 శాతం మార్కులు ఉంటే చాలు, పట్టా ఎచ్చెర్లదైనా హైదరాబాద్‌దైనా ఒకటే. జనరల్ కోటాలో 48 శాతంతో ఫస్టియర్ దాటిన విద్యార్థికి, కాలేజీ మారడం కన్నా ముందు మిగిలిన సెమిస్టర్లలో ఆ రెండు శాతం ఎలా పూడుతుందన్నదే అసలు లెక్క.